నీలిరంగులో దొరికిన రహస్యం

సూరత్‌లో తెలుగు చదువుకుంటున్న మనం తప్పక తెలుసుకోవలసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అన్న, తమ్ముడు ఇద్దరూ స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. పై చదువు కోసం భార్యను, ఇంటివారిని విడిచి అమెరికా వెళ్ళారు. ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. రసాయనాలు కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కండరాల నుంచి తీసిన ద్రావణంలో మాత్రం ఆ రంగు ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా పెరిగింది. పరీక్ష తప్పిందని వారు వదిలేయలేదు. ఫాస్ఫరస్ అక్కడ వేరే రూపంలో దాగి ఉందని గ్రహించారు. అలా ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. మనం పరుగెత్తినప్పుడు కండరాల్లో తరిగి, ఆగినప్పుడు మళ్ళీ పెరిగే పదార్థం అదే.

ఈనాడు కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రొటీన్లలోని వేర్వేరు రూపాలను యాంటీబాడీలతో గుర్తిస్తున్నారు. తనకు సరిపోయే రూపాన్నే యాంటీబాడీ పట్టుకుంటుంది. ఆ సాధనాలు లేని రోజుల్లో సుబ్బారావుకు రంగే ఆధారమైంది.

1940లో ఆయన లెడర్లే సంస్థలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. పిల్లల్లో వచ్చే రక్తక్యాన్సర్‌కు, బోదకాలుకు కూడా అక్కడి నుంచే మందులు వచ్చాయి. ఆయన నాయకత్వంలో పనిచేసిన డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే, స్వదేశానికి తిరిగి రాకుండానే సుబ్బారావు మరణించారు.

1994 సెప్టెంబరులో మన సూరత్‌ను ప్లేగు భయం కమ్మేసింది. లక్షలాది మంది ఊరు విడిచి వెళ్ళారు. అప్పుడు ఇక్కడ పంచిన టెట్రాసైక్లిన్ మాత్రలు ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినవే. ఆ మరుసటి ఏడాది, ఆయన శతజయంతికి, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

ఇకపై మన ల్యాబులో ద్రావణం ఆలస్యంగా రంగు మారితే వెంటనే పారబోయకుండా, ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకుందాం.