మింగిన ముద్ద వెంట చూపు సాగించిన వాల్టర్ కానన్

ఉగాదినాడు పచ్చడి నోట పెట్టుకొనగానే ఆరు రుచులూ నాలుకకు తెలుస్తాయి. గొంతు దిగిన పిమ్మట ఆ ముద్ద ఎట్లా పోతుందో, పొట్టలో ఏమవుతుందో మనకు కానరాదు. 130 ఏండ్ల క్రితం వైద్యులకు సైతం ఇది చాలవరకు ఊహకు మాత్రమే అందే సంగతి. బ్రతికివున్న ప్రాణిలో అన్నవాహిక, జీర్ణాశయం పనిచేసే తీరును ఎక్స్‌రే సాయంతో కన్నులార చూచి లోకానికి తెలిపినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశస్థుడు వాల్టర్ బ్రాడ్‌ఫర్డ్ కానన్. ఆయన జీవితాన్ని ఈ పండుగ సంచికలో మన కుటుంబాలకు పరిచయం చేయదలచాము.

కానన్ 1871 అక్టోబరు 19వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించారు. పదేండ్ల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకొన్నారు. తండ్రి రైల్వే ఉద్యోగి. కలిగిన కుటుంబం కాదు. అయినా విద్యార్థి వేతనంతో హార్వర్డ్‌లో చదివి, 1896లో పట్టం పుచ్చుకొని, ఆ యేడే అక్కడి వైద్య కళాశాలలో చేరారు.

అంతకు ముందటి సంవత్సరం చివరనే జర్మనీలో రాంట్జెన్ పండితుడు ఎక్స్‌కిరణాలను కనిపెట్టారు. అందరూ వాటితో ఎముకలను చూస్తూ ఆశ్చర్యపడుతున్న రోజులవి. ఈ కిరణాలతో మింగుడు విధానాన్ని పరిశీలించవచ్చునని ఆచార్య బౌడిచ్ సూచించగా, కానన్, ఆయన సహవిద్యార్థి ఆల్బర్ట్ మోజర్ ఆ పనికి పూనుకొన్నారు. 1896 డిసెంబరులో ఒక కుక్కచేత ముత్యపుచిప్ప గుండీని మింగించి, అది గొంతు దిగడం తెరపై చూచారు. తరువాత మెడ పొడుగైన బాతుకు బిస్మత్ నింపిన గొట్టపు మాత్ర మింగించారు. మామూలు ఆహారం ఎక్స్‌రేలో కనబడదు; బిస్మత్ వంటి బరువైన లోహపు లవణం కిరణాలను అడ్డగించి నల్లని నీడగా కనిపిస్తుంది. ఇదే వారి యుక్తికి ఆధారం.

తదుపరి పిల్లికి బిస్మత్ కలిపిన మెత్తని ఆహారం పెట్టి, చీకటిగదిలో గంటల తరబడి కూర్చొని, మెరిసే తెరపై పలుచని కాగితం పరచి, జీర్ణాశయం నీడను గీతలు గీచి పట్టుకొన్నారు. సుమారు 10 సెకండ్లకొక అల వంతున జీర్ణాశయం మధ్యభాగం నుండి చిన్నప్రేగు వైపు సాగిపోవడం వారి కంటబడింది. ఈ పరిశోధన 1898లో అచ్చయింది. అప్పటికి కానన్ ఇంకా విద్యార్థియే.

ఆ చీకటిగదిలోనే మరొక వింత తటస్థించింది. పిల్లి బెదిరినా, విసుగుతో పెనుగులాడినా జీర్ణాశయపు అలలు చటుక్కున ఆగిపోయేవి. అది నెమ్మదించగానే తిరిగి మొదలయ్యేవి. ఈ చిన్న సంగతిని ఆయన విడిచిపెట్టలేదు. భయం, కోపం, బాధ కలిగినపుడు శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధపడుతుందనీ, అప్పుడు జీర్ణక్రియ వెనుకబడుతుందనీ ఏండ్ల తరబడి పరిశోధించి, 1915లో గ్రంథస్థం చేశారు. భోజనం వేళ పిల్లలను కోప్పడవద్దని మన పెద్దలు చెప్పే మాటలోని మేలు దీనితో మరింత విశదమవుతున్నది.

1906లో ఆయన హార్వర్డ్ శరీరధర్మశాస్త్ర శాఖకు ఆచార్యుడై, 1942 వరకు ఆ పదవిలో కొనసాగారు. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో చేరినది ఆ హార్వర్డ్‌కే. ఇల్లు విడిచి దూరదేశం పోయిన మన తెలుగు బిడ్డ జీవరసాయన శాఖలో పాటుపడుతున్న రోజులలో, కానన్ అక్కడే మరొక శాఖకు పెద్దగా ఉండేవారని తలచుకొంటే మనకు సంతోషం కలుగుతుంది.

కాని ఈ విజయానికి కానన్ చెల్లించిన వెల తక్కువది కాదు. ఆ కిరణాల హాని తొలినాళ్లలో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆయన చర్మం కాలి ఎర్రబారింది. ఏండ్లు గడచిన పిమ్మట, 1931లో, ఆయనకు దురదతో వేధించే ఒక అరుదైన చర్మపు కాన్సరు ఉన్నదని తేలింది. యౌవనంలో కిరణాలకు గురికావడమే దీనికి కారణమని భావించారు. ఆ బాధతోనే మరి 14 సంవత్సరాలు పనిచేసి, 1945 అక్టోబరు 1వ తేదీన కన్నుమూశారు.

ఆయన వాడిన బిస్మత్ లవణం కొందరు రోగులకు విషమించినందువల్ల, 1910 ప్రాంతంలో దాని స్థానంలో బేరియం సల్ఫేట్ వచ్చింది. అది నీటిలో కరగదు, ఒంటికి పట్టదు. పనిముగించి మలంతో వెలుపలికి పోతుంది. సుద్దనీళ్లవంటి ఆ ద్రవం త్రాగించి తీసే ఎక్స్‌రేలో అన్నవాహిక ఇరుకు, జీర్ణాశయంలోని పుండు, గడ్డ బయటపడతాయి. నేడు ఎండోస్కోపీ వచ్చి ఈ పరీక్ష వాడుక తగ్గినా, అన్నవాహిక కొన సడలక ముద్ద నిలిచిపోయే జబ్బులో బేరియం పరీక్ష ఇప్పటికీ అక్కరకు వస్తున్నది.

మన ఇండ్లలో పెద్దవారు ముద్ద గొంతులో అడ్డుపడుతున్నదని చెప్పడానికి సంకోచించి, గంజి త్రాగి, మజ్జిగ త్రాగి రోజులు గడపడం ఉన్నది. వయసని సరిపెట్టుకోక, అట్టివారిని వెంటనే వైద్యునికి చూపించవలెనని మా మనవి. లోపలి జబ్బును చూడగల కన్ను కొరకు ఒక మనిషి తన ఒంటిని అర్పించి యుండగా, చూపించుకొనడానికి మనం ఆలస్యం చేయరాదు.