మైనంలో నిలిచిన 24 మెట్లు



తెనాలి పేరు చెప్పగానే పిల్లలకు రామకృష్ణ కవి గుర్తుకొస్తాడు. వాళ్లు విన్న ఆ కథలన్నీ రాయల కొలువులో జరుగుతాయి, అక్కడితోనే ఆగిపోతాయి. ఆ తర్వాత తెలుగు కవులు, పాటగాళ్లు ఎక్కడికి వెళ్లారని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే మ్యాపులో తంజావూరు చూపించండి. 1565లో విజయనగరం దెబ్బతిన్నాక తెలుగుకు దొరికిన పెద్ద కొలువుల్లో అదొకటి. తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలకు ఆ ఊరు మరీ కొత్తగా అనిపించదు. మనది కృష్ణా డెల్టా, వాళ్లది కావేరి డెల్టా. కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు అన్నీ ఎప్పుడో చూసినట్టే ఉంటాయి.

ఈ నెల చెప్పుకునేది ఆ తంజావూరును 1600 నుంచి 1634 దాకా ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి గురించి. మీ ఇంట్లో గానీ, సంగీతం టీచర్ ఇంట్లో గానీ వీణ ఉంటే దాని మెట్లు లెక్కపెట్టండి. 24 ఉంటాయి. ఆ లెక్కతో ముడిపడిన పేరు ఈయనదే.

రఘునాథుడు అచ్యుతప్ప నాయకుడి కొడుకు. తండ్రి బతికుండగానే రాజ్యభారం నెత్తిన పడింది. ఆ కాలం నెమ్మదిగా కూర్చుని వీణ వాయించుకునే కాలం కాదు. 1614లో విజయనగర రాజు వెంకటపతి రాయలు పోయాక వారసత్వం కోసం పెద్ద గొడవ లేచింది. గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజునూ ఆయన కుటుంబాన్నీ చంపించాడు. ఆ ఇంట్లో ఒక్క పిల్లవాడు, రామదేవుడు, మిగిలాడు. వాణ్ణి కాపాడి నిలబెట్టింది వెలుగోటి యాచమ నాయకుడు. రఘునాథుడు యాచముడి పక్షం చేరాడు. 1617 ప్రాంతంలో కావేరి దగ్గర తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయడు చనిపోయాడు, ఆ కుర్రాడు రాజయ్యాడు. 1620లో డెన్మార్క్ వాళ్లు వస్తే తరంగంబాడిలో వర్తకానికి చోటిచ్చి ఒప్పందం చేసుకున్నదీ రఘునాథుడే. అక్కడ వాళ్లు కట్టిన కోట సముద్రపు ఒడ్డున ఇప్పటికీ ఉంది.

ఇన్ని పనుల మధ్య ఈయన తెలుగులో రామాయణం రాశాడు, వాల్మీకి చరిత్ర రాశాడు. చేమకూర వెంకటకవి తన విజయవిలాసాన్ని అంకితమిచ్చింది ఈయనకే. కొలువులో చదువుకున్న స్త్రీలు ఉండేవారు. వాళ్లలో రామభద్రాంబ ఈయన చరిత్రనే సంస్కృత కావ్యంగా రాసింది, మధురవాణి ఈయన తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి తీసుకెళ్లింది. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట ఇది. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం అంత వెనక్కి వెళ్లం. కుంభకోణంలో ఈయన కట్టించిన రామస్వామి గుడికి వెళ్తే గర్భగుడిలో హనుమంతుణ్ణి జాగ్రత్తగా చూడండి. ఒక చేతిలో వీణ, ఇంకో చేతిలో రామాయణం తాళపత్రాలు ఉంటాయి. రఘునాథుడి మనసులో ఏముందో చెప్పడానికి నాకు ఆ విగ్రహం చాలనిపిస్తుంది.

ఇక వీణ సంగతి. పాతకాలపు వీణల మీద మెట్లు ఇప్పటిలా ఉండేవి కావు. కొన్నిటి మీద ఒక్క రాగానికి సరిపడా మెట్లే అమర్చేవారు. రాగం మారితే మెట్లు జరపాలి. అన్ని రాగాలకూ పనికొచ్చేలా మెట్లు బిగించే పద్ధతీ ఉండేది గానీ అందరూ ఒకే లెక్క పాటించలేదు. స్థాయికి 12 స్వరస్థానాలు, రెండు స్థాయిలకు 24 మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, శ్రుతికీ తాళానికీ పక్కన మూడు తీగలు అన్న అమరిక రఘునాథుడి కొలువులో స్థిరపడిందని సంప్రదాయం చెబుతుంది. ఆ మేళానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు మన పిల్లలు నేర్చుకునే వీణ ఆ దారిలో వచ్చిందే.

అయితే ఆ ఘనత ఎవరిదన్న దగ్గర ఒక చిక్కుంది. సంగీత సుధ అనే శాస్త్ర గ్రంథం రఘునాథుడి పేరు మీద ఉంది. ఆయన మంత్రి గోవింద దీక్షితుడు. ఈ దీక్షితుడి కొడుకు వేంకటమఖి తరువాత తన చతుర్దండి ప్రకాశికలో ఆ గ్రంథం మా నాన్నగారిదే అన్నట్టు రాసుకున్నాడు. 72 మేళకర్తల లెక్క వేసింది ఈ వేంకటమఖే. స్థాయికి 12 మెట్లున్న వీణ చిన్నప్పటి నుంచీ ఇంట్లో కళ్ల ముందుంటే అలాంటి లెక్క తట్టడం సులువే అనుకుంటాను. రాజుదా మంత్రిదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మెట్లను చేత్తో కూర్చి, చెవితో సరిచూసిన వడ్రంగి ఎవరో మాత్రం ఆ గ్రంథాలు చెప్పవు. ఆ పని చెప్పినంత తేలిక కాదు.

వీణకు పనస చెక్క కావాలి. బాగా ముదిరిన చెట్టు చేవ కావాలి. పనస బరువు తక్కువ, చెద సులువుగా పట్టదు, ఆరాక అంతగా వంకరపోదు, తట్టితే మోగుతుంది. తంజావూరు వీణకు చెక్క పన్రుట్టి వైపు నుంచి వస్తుంది. మన వైపు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనూ వీణలు పనసతోనే చేస్తారు. కృష్ణ దాటితే నూజివీడు వీణలకూ పేరుంది. కుండ, దండి, యాళి తల మూడూ ఒకే దుంగలోంచి తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. కుండ గోడ మందం ఎక్కువైతే నాదం మూగబోతుంది, మరీ పల్చనైతే చెక్క చీలుతుంది.

మాండలిన్ దారి వేరు. దాని పైపలకకు స్ప్రూస్ అనే చలిదేశపు చెక్క, వెనుకకు మేపుల్ వాడతారు. సాధారణంగా పల్చటి పలకల్ని వేడిచేసి, వంచి, జిగురుతో అతికిస్తారు. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయనకు ఈ వంచడం నచ్చలేదు. పక్కల్ని కూడా ఒకే చెక్కలోంచి తొలిచే పద్ధతికి 1898లో పేటెంట్ తీసుకున్నాడు. మన ఏకాండి పద్ధతికి అది ఎంత దగ్గరో చూడండి! మాండలిన్ మెట్లు లోహపువి, చెక్కలోనే దిగగొడతారు, ఇక కదలవు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఆ వాయిద్యం మీద మన రాగాలు పలికించడానికి జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకోవాల్సి వచ్చింది.

వీణ మెట్లు మాత్రం మైనంలో నిలబడతాయి. రఘునాథుడు 1634లో పోయాడు. కొడుకు విజయరాఘవుడు 1673లో మధుర సైన్యంతో పోరాడి చనిపోయాడు, కొన్నేళ్లలోనే తంజావూరు మరాఠాల చేతికి వెళ్లింది. తెలుగు రాజుల కోటలో కొలువు మారిపోయినా ఆ వీణ అమరిక చెక్కుచెదరలేదు. దాన్ని కాపాడింది మళ్లీ పేరు తెలియని పనివాళ్లే.

మీ ఇంట్లో పాత వీణ ఉంటే మెట్ల కింది నల్ల మైనం చూడండి. ఎండకు మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే బీటలిస్తుంది, మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించాలి. పనివాడు పాత మైనం గీకేసి, కొత్తది కరిగించి దండి మీద రెండు గట్లుగా పోస్తాడు. ఒక్కో మెట్టు అందులో నొక్కి, తీగ మీటి, విని, జరిపి, మళ్లీ వింటాడు. ఇలా 24 సార్లు, ప్రతి తీగ మీదా. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో టీవీ ఆపేయాలి.