ఆట నేర్పిన ఉస్తాద్ రహీం సాహెబ్

గడచిన తరం పెద్దల జీవితాలు మనకు రెండు దారుల్లో అందుతాయి. వారిని కళ్లారా చూసినవారు చెప్పగా వినడం ఒకటి. వారు దాచిపెట్టిన కాగితాలు, ఫొటోలు, సర్టిఫికెట్లు చూసి తెలుసుకోవడం రెండోది. మొదటి దారి మనుషులతోపాటే మూసుకుపోతుంది. రెండోది మన శ్రద్ధను బట్టి నిలుస్తుంది. ఫుట్‌బాల్ లోకం రహీం సాబ్ అని పిలుచుకున్న సయ్యద్ అబ్దుల్ రహీం జీవితాన్ని తలచుకున్నప్పుడు మాకు ఈ సంగతే ముందుగా మనసులో మెదులుతుంది.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పడానికి 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుతోపాటు ఆటలోనూ ముందుండి, విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఆడారు. నగరంలో పేరున్న ఖమర్ క్లబ్‌కూ ఆడారు. అయితే ఆయనకు అన్నం పెట్టిన వృత్తి ఆట కాదు, ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల్లో క్రీడల బాధ్యత చేపట్టారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేవరకు ఆ పదవిలోనే ఉన్నారు. ఆటగాళ్లను తయారుచేయడంలో ఆయన పద్ధతి అచ్చం బడిపంతులు పద్ధతే. పిల్లవాడికి ఏ పాఠం రాదో కనిపెట్టి, దానినే పదేపదే చేయించేవారు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకోరాదనే నియమంతో పోటీలు జరిపించారు. అప్పుడు ఆటగాడు తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూసి, వెంటనే బంతి అందించక తప్పదు. అలవాటులేని కాలితోనే తన్నాలనే పోటీలూ పెట్టించారు. తన గొప్ప చూపించుకోవడం కంటే తోటివాడికి అందించడమే ఆట అని ఆ నియమాలే నేర్పాయి.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. భారత జట్టు బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం సాధించింది.

గెలుపు వెంటే గుణపాఠం వచ్చింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో చిత్తుగా ఓడింది. ఆనాడు మనవారిలో పలువురు వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వారి గడ్డమీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకుమించి ఎన్నడూ ఎదగలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రవాళ్లు ఉన్నారు.

బలరాం పేదింటి పిల్లవాడు. సికింద్రాబాద్ నుంచి శిక్షణకు వచ్చిపోవడానికి దారిఖర్చు లేదు. రహీం సాహెబే అద్దె సైకిలుకు డబ్బిచ్చి రప్పించుకున్నారు. ఏ ఇంటి బిడ్డ, ఏ మతం, ఏ భాష అని చూడలేదు. కాలిలో ఆట ఉందా లేదా అన్నదే చూశారు. సొంత కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నా మైదానంలో దిగలేదు. 1962 జకార్తా జట్టులో ఆయన పేరే లేదు. తండ్రి శిక్షకుడు కాబట్టి కొడుక్కి చోటు ఖాయమనే లెక్క ఆ ఇంట చెల్లలేదు.

జకార్తా నాటికి రహీం సాహెబ్ ఆరోగ్యం చెడింది. అక్కడ మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. బయట పరిస్థితి ఇంకా గడ్డుగా ఉంది. ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మండిపడ్డారు. సెప్టెంబర్ 3న మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మర్నాడే ఫైనల్. సుమారు లక్షమంది ప్రేక్షకులు. ఎదుట మళ్లీ అదే దక్షిణ కొరియా.

రహీం సాహెబ్ బెదరలేదు. వెనుక కాపుకాసే జర్నైల్ సింగ్‌ను, తలకు కుట్లున్నా, ముందువరుసలో నిలిపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఇంతవరకు మనకు మరో స్వర్ణం రాలేదు.

విజేతల గౌరవార్థం మోగే జాతీయగీతానికీ మన ప్రాంతానికీ బంధుత్వం ఉంది. సదుం నుంచి ఎంతో దూరం లేని మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ ఠాగూర్ జనగణమనను తానే ఆంగ్లంలోకి అనువదించారు. చేతిరాతతో ఉన్న ఒక కాగితాన్ని విలువ తెలిసినవారు దాచబట్టే ఆ ముచ్చట నేటికీ చెప్పుకోగలుగుతున్నాం.

జకార్తా గెలుపు తర్వాత ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, కేన్సర్ వ్యాధితో రహీం సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లైనా నిండలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైందే 1985లో. ఆయన జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం మైదాన్ విడుదలైంది 2024లో. అప్పటికి ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది. ఇంతలో ఆయన మాట స్వయంగా విన్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుమారుడు హకీం 2021లో, శిష్యుడు బలరాం 2023లో మరణించారు. ఇక రహీం సాహెబ్ సంగతి చెప్పవలసింది కాగితాలే.

రహీం సాహెబ్ అంతటివారు ప్రతి ఊరిలో పుట్టరు. కాని కాలేజీ జట్టులో ఆడిన తాతలు, బడిలో ఆట నేర్పిన మాస్టర్లు సదుంలో, పుంగనూరులో, కుప్పంలో మాత్రం లేరా? వారి జట్టు ఫొటో, సర్టిఫికెట్, స్నేహితుల ఉత్తరాలు మన ట్రంకుపెట్టెల్లో ఉండవచ్చు. ఉర్దూలో ఉన్నాయి, చదవడం రాదు అని పిల్లలు వాటిని చిత్తుకాగితాలతో కలిపేయడం మేము చూస్తూనే ఉన్నాం. అవి మన దగ్గరున్న అమానత్. పోగొట్టే హక్కు మనకు లేదు.

దాచడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫొటో వెనుక పెన్సిల్‌తో పేర్లు, సంవత్సరం రాయండి. చిరిగినచోట టేపు అంటించకండి. లామినేషన్ చేయించకండి. ఆ వేడి, ఆ ప్లాస్టిక్ పాత కాగితాన్ని పాడుచేస్తాయి. చెమ్మ తగలనిచోట ఉంచి, ఒక నకలు తీయించి పెట్టుకోండి. ఉర్దూ చదవగల పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే వారి పక్కన కూర్చుని ఒక్కో కాగితం చదివించుకుని, ఏది ఏమిటో తెలుగులో రాసి జతచేయండి.