సౌరశక్తికి వెల కట్టిన ఫ్రాంక్ షూమన్

పాత కర్మాగారాల్లోను, కొన్ని ఆసుపత్రుల తలుపులకు సన్నని తీగల వల పొదిగిన దళసరి గాజు పలకలు కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ గాజు బీటలు వారుతుందే గాని పెంకులుగా రాలి మనుషుల మీద పడదు. ఈ గాజుకు 1892లో పేటెంటు పొందిన అమెరికన్ ఫ్రాంక్ షూమన్. అది ఆయనకు పేరును, ధనాన్ని సమకూర్చింది. ఆ రెండింటినీ ఆయన తన జీవితపు చివరి దశలో మరొక పనికి వెచ్చించాడు. ఎండతో యంత్రాన్ని నడపడమే ఆ పని.

షూమన్ 1862 జనవరి 23న న్యూయార్కు సమీపంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. కళాశాల చదువు ఆయనకు లేదు. నేర్చుకున్నదంతా పనిచేస్తూ నేర్చుకున్నదే. తరువాత ఫిలడెల్ఫియా చేరి, ఆ నగర శివారైన టాకోనీలో ఇల్లు కట్టుకొని, ఆ ఆవరణలోనే ప్రయోగశాలను నెలకొల్పుకున్నాడు.

అది బొగ్గు రాజ్యమేలిన కాలం. రైలు, ఓడ, నూలుమిల్లు అన్నీ బొగ్గుతో నడిచేవే. అయినా సూర్యుని వైపు చూసినవారు షూమన్‌కు ముందు లేకపోలేదు. ఫ్రాన్సులో గణితోపాధ్యాయుడైన ఆగస్టిన్ మూషో 1878లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి, ఆ వేడితోనే మంచుగడ్డను తయారుచేసి చూపరులను విస్మయపరచాడు. అదే దశాబ్దంలో బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు అద్దాల వరుసలతో ఆవిరి పుట్టించి ఇంజనును నడిపాడు. ఈ యంత్రాలు పనిచేయక మూలబడలేదు. వాటి ఖర్చును బొగ్గు ధరతో పోల్చినప్పుడు నిలవలేకపోయాయి. ఫ్రాన్సులో బొగ్గు చవక కాగానే ప్రభుత్వం మూషోకు చేయూతనివ్వడం మానుకుంది.

అరణ్యవాసంలో ధర్మరాజు ధౌమ్యుని ఉపదేశంతో సూర్యుని ఆరాధించి అక్షయపాత్రను పొందిన కథ విద్యార్థులెరిగినదే. సూర్యుడు అతనికి ఎండను ప్రసాదించలేదు. ఎండ అప్పటికే అడవి మీద కాస్తూనే ఉంది. ఆయన అనుగ్రహించినది పాత్రను. షూమన్‌కు ఎదురైన సమస్య కూడా పాత్రను గూర్చినదే. ఎండకు వెల లేదు. దానిని పట్టే గాజుకు, ఇనుముకు, గొట్టాలకు, వాటిని అమర్చే కూలీలకు వెల ఉంది. ఆ పెట్టుబడి ఎన్నేళ్ళలో తిరిగి వస్తుందన్నది ఆయన వేసుకున్న మొదటి ప్రశ్న. తక్కిన శాస్త్రజ్ఞుల నుండి ఆయనను వేరుచేసిన లక్షణం ఇదే.

కనుక ఖరీదైన అద్దాల జోలికి పోకుండా ఆయన చవకైన మార్గంతో ఆరంభించాడు. పైన గాజు కప్పిన పెట్టెలో నల్లని గొట్టాలను అమర్చి, వాటిలో ఈథర్ ద్రవాన్ని నింపాడు. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. 1907లో ఈ సాధనంతో తన ఇంటి పెరటిలో ఒక చిన్న ఇంజనును నడిపి అందరికీ చూపాడు. మరుసటి సంవత్సరమే సౌరశక్తి కోసం ఒక కంపెనీని స్థాపించాడు. 1911 నాటికి టాకోనీలో పెద్ద యంత్రం సిద్ధమైంది. తక్కువ పీడనం గల ఆవిరితో నడిచే ఇంజనును సైతం తానే రూపొందించుకున్నాడు.

అయితే దానిని అమ్మవలసినది అక్కడ కాదని ఆయన గ్రహించాడు. పెన్సిల్వేనియా బొగ్గుగనుల సీమ. అక్కడ ఎండను అమ్మబోవడం ఉప్పు కొటారు పక్కన ఉప్పు దుకాణం తెరవడం వంటిది. ఎండ పుష్కలంగా ఉండి, బొగ్గు ప్రియంగా ఉండి, నీటిని తోడవలసిన అవసరం నిత్యం ఉన్న దేశం కావాలి. ఈజిప్టులో ఈ మూడూ కలిసివచ్చాయి. అక్కడి ఇంజన్లకు బొగ్గు బ్రిటన్ నుండి ఓడల మీద రావలసినదే. పత్తిచేలకు నీరు అత్యవసరమైన వేసవిలోనే ఎండ కూడా తీవ్రంగా ఉంటుంది. యంత్రానికి తొలి పెట్టుబడి బొగ్గు ఇంజను కంటె ఎక్కువైనా, ఇంధనపు ఖర్చు లేనందువల్ల కొద్ది సంవత్సరాలలో లెక్క సరిపోతుందని ఆయన అంచనా.

ధనం లండన్ నుండి వచ్చింది. పెట్టుబడిదారులు యంత్రాన్ని పరీక్షించడానికి చార్లెస్ వెర్నన్ బాయ్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుని నియమించారు. పెట్టెలకు బదులు దొన్నె ఆకారంలో వంపు తిరిగిన పొడవైన అద్దాలను వాడి, వాటి నాభి వెంట బాయిలరును అమర్చాలని బాయ్స్ సూచించాడు. ఏళ్ళ తరబడి తాను తీర్చిదిద్దుకున్న నమూనాను పక్కన పెట్టడానికి షూమన్ అంగీకరించాడు. ఆవిష్కర్తలలో ఇది తరచుగా కనిపించే గుణం కాదు.

కైరోకు దక్షిణంగా నైలునది చేరువలోని మాదీ గ్రామంలో కేంద్రం వెలిసింది. ఒక్కొక్కటి సుమారు 62 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల అయిదు అద్దాల దొన్నెలు ఉత్తర దక్షిణాలుగా నిలిచాయి. అవి సూర్యుని వెంట తూర్పు నుండి పడమటికి తమంత తామే తిరిగేవి. 1912లో జరిపిన తొలి పరీక్ష విఫలమైంది. అద్దాలు కూర్చిన వేడికి జింకు బాయిలర్లు తాళలేక మెత్తబడి వంగిపోయాయి. వాటి స్థానంలో పోత ఇనుప బాయిలర్లను అమర్చిన తరువాత, 1913లో లార్డ్ కిచెనర్ మొదలైన ప్రముఖుల సమక్షంలో యంత్రం నడిచింది. 50 అశ్వశక్తికి పైగా ఉత్పత్తి చేస్తూ, నిమిషానికి సుమారు 6,000 గాలన్ల నీటిని పత్తిచేలకు తోడిపోసింది. పొద్దు గుంకిన తరువాత కూడా ఇంజను ఆగకుండా వేడినీటిని నిలువ చేసే పెద్ద తొట్టెను కూడా షూమన్ ఏర్పాటు చేశాడు.

ఆ విజయం ఆయన ఊహకు రెక్కలు తొడిగింది. సహారా ఎడారిలో సుమారు 20 వేల చదరపు మైళ్ళ మేర అద్దాలు పరిస్తే నాటి ప్రపంచమంతటి ఇంధనపు అవసరాలు తీరుతాయని ఆయన లెక్కగట్టాడు. కిచెనర్ సూడాన్‌లో 30 వేల ఎకరాల పత్తి క్షేత్రాన్ని ఇవ్వజూపాడు. తన ఆఫ్రికా వలసల కోసం జర్మనీ రెండు లక్షల డాలర్లు కేటాయించింది. ఆ నీరు ఎవరి పొలాలకు, ఆ పత్తి ఎవరి మిల్లులకు అన్న ప్రశ్నను వీరిలో ఎవరూ వేసుకున్నట్లు కనిపించదు. ఈజిప్టు రైతు ఆ వేడుకలో ప్రేక్షకుడు మాత్రమే.

1914లో ప్రథమ ప్రపంచయుద్ధం వచ్చింది. మాదీలోని ఇంజనీర్లు తమ తమ దేశాలకు మరలిపోయారు. కేంద్రాన్ని విప్పివేశారు. దాని లోహం యుద్ధావసరాలకు పోయింది. షూమన్ అమెరికాకు తిరిగివచ్చి, యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ మొదలుపెట్టాలని తలపోశాడు. కాని యుద్ధం ముగియకముందే, 1918 ఏప్రిల్ 28న, టాకోనీలో కన్నుమూశాడు.

యుద్ధం రాకున్నా ఆయన గెలిచేవాడా అన్నది సందేహమే. పర్షియాలో 1908లోనే చమురు బయటపడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ చమురు కంపెనీలో ప్రధాన వాటాను కొన్నది. బొగ్గు ధరను చూసుకొని కట్టిన లెక్క చమురు ధర ముందు నిలవడం కష్టం.

ఆ లెక్క తారుమారు కావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఎండను నేరుగా విద్యుత్తుగా మార్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించింది. మొదట అది ఉపగ్రహాలకు తప్ప అన్యులకు అందని ధర పలికింది. కర్మాగారాలు పెరిగి, తయారీ విస్తరించిన కొద్దీ ధర దిగివచ్చింది. 2010 నుండి 2020 వరకు గడచిన పదేళ్ళలోనే పెద్ద సౌరకేంద్రాల విద్యుత్తు ఖర్చు ప్రపంచ సగటున సుమారు 85 శాతం తగ్గింది. ఈజిప్టులోనే అస్వాన్ సమీపాన బెన్బాన్ వద్ద 2019లో పూర్తయిన విశాలమైన సౌరక్షేత్రం ఈ పలకలతో ఏర్పడినదే.

షూమన్ అద్దాల దొన్నెలు సైతం మరుగున పడలేదు. 1980లలో కాలిఫోర్నియా ఎడారిలో, 2014లో మన అనంతపురం జిల్లాలో అదే పద్ధతిని అనుసరించిన విద్యుత్కేంద్రాలు నెలకొన్నాయి. నేడు ధరలో సిలికాన్ పలకదే పైచేయి. దొన్నె అద్దాలకు మిగిలిన బలం, పగటి వేడిని దాచి రాత్రికి వాడుకోగలగడం. సహారా అంచున మొరాకోలోని వర్జాజాత్ వద్ద 2016లో ప్రారంభమైన కేంద్రం ఆ వేడిని కరిగిన లవణాలలో నిలువ చేస్తుంది. మాదీలో ఆ పనికి షూమన్ వాడినది వేడినీటి తొట్టె.