ఘంటసాల గొంతు చావు కబురు కాదు



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం ప్రత్యేక సంచికకు డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు కాకుండా వేరే ఏదైనా రాసిమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. డిసెంబరు అనగానే నాకు ముందుగా గుర్తుకొచ్చేది 4వ తేదీ. అది ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పుట్టినరోజు. అయితే ఆయన గురించి రాయడానికి అదొక్కటే కారణం కాదు. రెండో కారణం ముందు చెబుతాను.

మొన్న కార్తీకమాసంలో ఒక ఉదయం మొయినాబాదులో మా ఇంటి వరండాలో కూర్చుని, మా మనుమడు సెల్ ఫోనుకు జతచేసి ఇచ్చిన చిన్న స్పీకరులో ఘంటసాల గారి పుష్పవిలాపం పెట్టుకున్నాను. వినికిడి తగ్గింది కనుక సౌండు కొంచెం పెద్దదే. పావుగంట కాకముందే ఎదురింటి కోడలు గేటు దగ్గరకు వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మా ఇంటావిడను పక్కకు పిలిచి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది. నేనేమో బతికే ఉన్నానని ఏటేటా ట్రెజరీకి రుజువు ఇచ్చుకునే మనిషిని, పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. మా ఇంటావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను గాని, ఆ రోజంతా మనసులో ముల్లులా మెదులుతూనే ఉంది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. మొయినాబాదు నుంచి చేవెళ్ల దాకా ఏ ఊళ్ళో ఎవరు కాలం చేసినా ముందు వినిపించేది ఘంటసాల గారి భగవద్గీతే. ఇంటి ముందు మైకు కట్టగానే అదే, వైకుంఠ రథం కదిలినా అదే. పద్యానికీ శ్లోకానికీ తేడా తెలియని పిల్లలకు ఆ గొంతు అంటేనే చావు. ఏభై ఏళ్లు పైబడి మనం నెత్తిన పెట్టుకున్న గొంతు, మన కళ్ళ ముందే ఇలా అయిందే అనిపించింది. అందుకని ఆయన బతుకు ఎలాంటిదో, మనం ఎందుకు అంతగా అభిమానించామో, ముఖ్యంగా మన ఇళ్లలోని పిల్లల కోసం రాస్తున్నాను.

ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజం మీద ఎక్కించుకుని భజనలకు తీసుకుపోతే, ఆ పాటకు పిల్లవాడు అడుగులు వేసేవాడట. పదకొండేళ్లు వచ్చేసరికి ఆ తండ్రి పోయారు. పోతూ కొడుకును సంగీతం నేర్చుకొమ్మని కోరారు. ఆస్తి ఏమీ లేదు, ఆ కోరికే ఆస్తి.

నేర్పేవారి కోసం వెతుకుతూ, వాళ్ల ఇళ్లలో బట్టలు ఉతికి, వంట చేసి చాకిరీ చేశారు. చివరకు వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం సంగీత కళాశాలకు పోయారు. పోతే అక్కడ సెలవులు. ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దయతలచి కళాశాలలో తలదాచుకోనిచ్చారు గాని అదీ ఎక్కువ రోజులు సాగలేదు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి, పైసా పుచ్చుకోకుండా విద్య చెప్పారు. అన్నం పెట్టే స్తోమతు మాత్రం ఆ గురువుకు లేదు. అందుకని శిష్యుడు భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కున్నారు. దాన్ని మధుకరం అంటారు. నేను పట్నంలో చదివే రోజుల్లో బంధువుల ఇంట్లో తిని ఉన్నవాణ్ణి. ఒకరి చేతి అన్నం తింటూ చదవడం ఎలా ఉంటుందో కొంత తెలుసు. వీధిలో జోలె పట్టడం ఎలా ఉంటుందో మాత్రం ఊహకు అందదు.

ఆ గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు తరువాతి కాలంలో మద్రాసులో ఘంటసాల గారి దగ్గర సహాయకునిగా చేరి, ఆయన కన్ను మూసేదాకా వెన్నంటి ఉన్నారు. గురువు రుణం ఆ ఇంట్లో ఎలా గుర్తుందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్లారి దగ్గర అల్లీపురం జైలులో ఏడాదికి పైగా ఉన్నారు. 1944లో సావిత్రి గారితో వివాహం. ఆ సాయంత్రం తన పెళ్లికి తానే కచేరీ చేశారట. వేరే విద్వాంసుణ్ణి పిలిచే ఖర్చు తప్పిందని మా పాత హెడ్ క్లర్కు గారు చమత్కరించేవారు.

అత్తవారి ఊరైన పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్య గారు ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్లారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వారికి భారం కాకూడదని ఘంటసాల గారు రాత్రులు పానగల్ పార్కులో పడుకునేవారు. ఒక గ్రామఫోన్ కంపెనీ మొదట ఆ గొంతు మైకుకు పనికిరాదని తిప్పి పంపింది. కొంతకాలానికి అదే గొంతును పేకేటి శివరాం గారు రికార్డుకు ఎక్కించారు. మద్రాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు అవకాశాలు ఇచ్చారు. సీతారామ జననంలో గుంపులో ఒకరిగా పాడారు. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో పాడినందుకు ఆయనకు ముట్టినది 116 రూపాయలు.

ఆ తరువాతిది మీ అందరికీ తెలిసిన కథే, త్వరగా చెబుతాను. ఎన్.టి. రామారావు గారి మొదటి చిత్రం మనదేశం 1949లో వచ్చింది, దాని సంగీతం ఘంటసాల గారిదే. ఆ ఏడే కీలుగుర్రం. విజయా వారి షావుకారు, పాతాళభైరవి, పెళ్లిచేసి చూడు వరుసగా 1950, 51, 52లో. 1957లో మాయాబజార్. అందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టి తప్పుకోగా మిగిలిన పనంతా ఈయన పూర్తి చేశారు. దేవదాసు (1953)లో సంగీతం సుబ్బురామన్ గారిది. ఆయన చిత్రం విడుదల కాకముందే పోయారు. అందులో తాగుబోతు విషాదం పాడిన గొంతే జగదేకవీరుని కథ (1961)లో పెండ్యాల గారి దర్బారీ కానడ బాణీని ఎత్తుకుంటే, సినిమాలో రాయి కరుగుతుంటే మనం నమ్మేశాం. ఆయన మొత్తం ఎన్ని పాటలు పాడారన్న లెక్క మీద అభిమానుల్లో ఇప్పటికీ వాదులాట ఉంది. నా దగ్గర పొడుగు నోటుబుక్కులో సినిమా, సంవత్సరం, సంగీత దర్శకుడు అని గళ్లు గీసి రాసిన పట్టిక ఉంది. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఒక్క పద్యం సంగతి మాత్రం కొంచెం నిలిచి చెప్పాలి. ఈనాటి పిల్లలకు అది తెలియదు. మా చిన్నతనంలో నాటకాల వారు పద్యం ఎత్తుకుంటే చివర రాగం సాగదీసేవారు. హార్మోనియం వాళ్లతో పోటీ పడేది. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ మొదలు. వినడానికి బాగానే ఉండేది, ఏమి చెప్పారో మాత్రం అర్థమయ్యేది కాదు. ఘంటసాల గారు ఆ సాగతీత కత్తిరించారు. మాటను అర్థం దగ్గర విరిచారు. రాగాన్ని భావానికి ఎంత కావాలో అంతే వాడారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలు, పుష్పవిలాపం, కుంతీకుమారి, ఇలా పాడబట్టే బడి ముఖం చూడని వాళ్లకు కూడా నోటికి వచ్చాయి. పువ్వులు తమను తెంపవద్దని మొరపెట్టుకునే ఆ పద్యాలు రేడియోలో విన్నాక మా అమ్మ చాలా రోజులు పూజకు రాలిన పూలే ఏరుకొచ్చేది. మా నాయన విసుక్కునేవాడు. అమ్మకు చదువు రాదు. పద్యం ఆమెదాకా చేరింది అంటే అది ఆ గొంతు చలవే.

1963లో లవకుశ వచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. మా నాయన మమ్మల్ని చేవెళ్ల నుంచి బస్సులో పట్నం తీసుకుపోయాడు. మర్రిచెట్ల కింద బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డామో ఇప్పటికీ గుర్తు. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం అది, డబ్బు లేక తీయడం ఏళ్ల తరబడి సాగింది. దాని సంగీతం ఘంటసాల గారిదే. పిల్లల పాటలు లీల, సుశీల గార్లవి. తిరుగు బస్సులో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే వచ్చారు.

అంత పేరు వచ్చినా ఆయన డబ్బు మనిషి కాలేదు. సొంతవూరు వంటి సినిమాలు తానే తీసి నష్టపోయారు. మద్రాసులో ఆయన ఇంట్లో అతిథులకు లెక్కలేదు. హిందూస్తానీ విద్వాంసులు బడే గులాం అలీ ఖాన్ గారు కూడా అక్కడ బస చేసినవారే. జోలె పట్టి తిన్న చేతితో పదిమందికి పెట్టారు.

1970 ఫిబ్రవరి 1, ఆదివారం. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ప్రభుత్వం ఆయనకు రజతోత్సవం జరిపింది. అప్పుడు నేను పట్నంలో విద్యార్థిని. ముందటి ఏడాది 1969 ఉద్యమంలో మాకు చదువు సంవత్సరం పోయింది, తోటి పిల్లల్ని పోగొట్టుకున్నాం, మనసుల్లో కోపం ఇంకా చల్లారలేదు. అలాంటి రోజుల్లో కృష్ణా జిల్లా మనిషి పాట వినడానికి నేను, నా గదిలో ఉండే ఇద్దరు మిత్రులు నడిచి వెళ్లాం. ముప్పై వేల మందికి పైగా వచ్చారు. మాకు ఆయన వేలెడంత కనిపించారు. ముఖం ఆనలేదు. గొంతు మాత్రం పక్కన కూర్చుని పాడినట్టే వినిపించింది. వచ్చేటప్పుడు ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన ఏ ప్రాంతం వారన్న మాట ఆ రోజు మాలో ఎవరికీ గుర్తురాలేదని తరువాత ఎప్పుడో అనుకున్నాం.

ఆ ఏడే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్లి పాడి వచ్చారు. అప్పటికే మధుమేహం ఉంది. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. ఇంత జరిగాక, ఆరోగ్యం చెడిన ఆ రోజుల్లోనే భగవద్గీత శ్లోకాలు ఏరి, తెలుగు తాత్పర్యంతో సహా రికార్డు చేశారు. అది బజారుకు వచ్చేనాటికి ఆయన లేరు.

1974 ఫిబ్రవరి 11, సోమవారం. నేను చేవెళ్ల తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.ని, చేరి రెండేళ్లయింది. ఆ రోజు పహాణీ నకళ్లు రాస్తున్నాను. మద్రాసులో ఘంటసాల గారు పోయారని రేడియోలో చెప్పారని హోటలు పిల్లవాడు చాయ్ గ్లాసులు పట్టుకొచ్చి చెప్పాడు. వయసు 51. ఎప్పుడూ పెదవి విప్పని మా హెడ్ క్లర్కు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఒక నకలు మీద సర్వే నంబరు తప్పు రాశాను. మరునాడు ఆయనే దిద్దించారు, ఒక్క మాట అనలేదు. నా ఉద్యోగ జీవితంలో ఆయన నా తప్పు క్షమించింది అదొక్కసారే.

తరువాత గీత రికార్డు వచ్చింది. మొదట్లో అది తెల్లవారుజామున గుడి మైకులో వినిపించేది. ఆ పాటతో ఊరు లేచేది, పాలు పితికేవారు. ఎనభైలలో క్యాసెట్లు చవకయ్యాయి, ప్రతి ఊరికీ మైకు సెట్టు వచ్చింది. చావు ఇంటి ముందు వేరే పాట పెట్టలేరు కనుక గీత పెట్టారు. పెట్టి పెట్టి అది గుర్తుగా మారింది. పోయినవారి మీద గౌరవంతో మొదలైన ఆచారమే, దాన్ని తప్పు పట్టను. కాని గీత పోయినవాడికి చెప్పింది కాదు. చేయాల్సిన పని ముందు పెట్టుకుని చేతులు వణికిన బతికున్న మనిషికి చెప్పింది. ఘంటసాల గారు తన పని మిగిలి ఉందని తెలిసి, ఒంట్లో శక్తి లేకున్నా కూర్చుని పాడారు. అది ఒక పనిమంతుడి ఆఖరి పని. మనకు బాగా తెలిసిన సంగతే కదా, ఫైలు పూర్తి చేసి అప్పగించి లేవడం.

ఆయన పోయి ఏభై ఏళ్లు దాటింది. 2003లో తపాలా బిళ్ల వేశారు. విజయవాడలో సర్కారు సంగీత కళాశాలకు ఆయన పేరుంది. ఏటా డిసెంబరు 4న, ఫిబ్రవరి 11న ఊరూరా ఆయన పాటల సభలు జరుగుతాయి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగే అలాంటి సభలకు నేను మోకాళ్లు సహకరించినంత కాలం బస్సులో పోయి వచ్చాను. అక్కడ తలలన్నీ తెల్లవే. పాడే వాళ్లలో మాత్రం చిన్నవాళ్లు కనిపిస్తారు, అది ధైర్యం.

ఎదురింటి కోడలి సంగతి మధ్యలో వదిలేశాను. మరునాడు కావాలనే పాతాళభైరవి పాటలు పెట్టాను. సౌండు తగ్గించలేదు. ఆ పిల్ల గేటు దగ్గరకు మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరు పోయారని అడగలేదు, ఏ సినిమా అని అడిగింది. మా మనుమడు ఆ పాటలు ఆమె ఫోనుకు పంపాడు. ఇప్పుడు మధ్యాహ్నం పూట వాళ్ల వంటింట్లోంచి మాయాబజార్ వినిపిస్తుంది.

నా మటుకు నేను మా ఇంట్లో చెప్పి ఉంచాను. నా సమయం వచ్చినప్పుడు ఆచారం ప్రకారం గీత పెట్టండి, కాదనను. కాని దానికి ముందు ఒక్కసారి పాతాళభైరవి పాట వేయండి అని. నలుగురూ నవ్వుతారని మా ఇంటావిడ ఇంకా ఒప్పుకోలేదు.