సర్కారు సొమ్ము, స్వామి గుడి: భక్త రామదాసు జీవితం



చైత్రమాసం వచ్చిందంటే మన వేంపల్లె చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇరుగుపొరుగు వాళ్లు ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి బయలుదేరడం మీరు చూస్తూనే ఉంటారు. పండు వెన్నెల్లో జరిగే ఆ కల్యాణానికి రాష్ట్ర ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి. ఇది తాతల నాటి మర్యాద అనుకునేరు. మొదలైంది 2015లో. అంతకు ముందు ఆ లాంఛనాలు భద్రాచలానికి వెళ్లేవి. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు పోవడంతో మన ప్రభుత్వం మన జిల్లాలోని గుడిని ఎంచుకున్నది. రాముని గుడికీ సర్కారుకూ ఈ సంబంధం ఎక్కడ మొదలైందని వెనక్కి పోతే, గోల్కొండ కోటలో ఒక చెరసాల దగ్గర ఆగుతాం. అందులో ఉన్న మనిషి కంచర్ల గోపన్న. మీరెరిగిన పేరు భక్త రామదాసు. కతోలిక పత్రికలో రామదాసు ఏమిటని కొందరు అడగవచ్చు. కాస్త ఓపికగా చదవండి.

గోపన్నది ఖమ్మం ప్రాంతంలోని నేలకొండపల్లి. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. 17వ శతాబ్దపు మనిషి. అప్పట్లో ఆ నేలను గోల్కొండ కుతుబ్‌షాహీలు ఏలుతున్నారు. 1650లో మీర్ జుమ్లా గండికోటను గెలిచాక మన కడప సీమ కూడా వారి కిందికే వచ్చింది. వారిలో చివరివాడు అబుల్ హసన్ తానీషా, 1672లో గద్దె ఎక్కాడు. ఆయన కొలువులో మాదన్న ప్రధానమంత్రి, అక్కన్న అతని అన్న. ఈ ఇద్దరూ గోపన్నకు మేనమామలని సంప్రదాయం. వారి అండతోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పని దొరికింది. ముస్లిము రాజు, బ్రాహ్మణ మంత్రి, రామభక్తుడైన తహసీల్దారు. మతద్వేషంతో కుళ్లిపోయిన రాజ్యమైతే ఈ ముగ్గురూ ఒకే కచేరీలో ఉండేవారు కారు గదా!

భద్రాచలంలో అప్పటికి గుడి లేదు. పోకల దమ్మక్క అనే భక్తురాలు విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, చేతనైన నైవేద్యం పెట్టేదని చెబుతారు. గోపన్న అది చూశాడు. మనసు ఆగలేదు. మొదట చందాలు అడిగాడు. చాలలేదు. చేతిలో ఉన్నది శిస్తు సొమ్ము. రైతులు కట్టిన పన్ను, గోల్కొండ ఖజానాకు చేరవలసినది. ఆ సొమ్ముతో గుడి లేచింది, ప్రాకారం లేచింది, సీతమ్మకు చింతాకు పతకం, రామయ్యకు కలికితురాయి వచ్చాయి. మొత్తం ఆరు లక్షల వరహాలంటారు. అనుమతి లేకుండా ఖర్చు పెట్టాడని తానీషా చెరలో వేయించాడు. 12 సంవత్సరాలని జనం చెప్పుకునే లెక్క. ఆ గది నేటికీ కోటలో ఉంది. గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణుల బొమ్మలు చూడవచ్చు.

ఇది మతహింసేనా? కొందరు అవునంటారు. నాకు అలా తోచదు. రాముని విడిచిపెట్టమని గోపన్నను ఎవరూ అడగలేదు. 1752లో తిరువాన్కూరు రాజ్యంలో ప్రాణమిచ్చిన దేవసహాయం సంగతి వేరు. 2022లో శ్రీసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది. విశ్వాసాన్ని వదలనందుకు ఆయనను చంపారు. గోపన్న మీద ఉన్నది లెక్క తప్పిన నేరం. అయితే ఆ లెక్క రాబట్టుకోవడానికి కొరడాలు వాడటం మాత్రం ఏ న్యాయమూ కాదు. ఆ దెబ్బల బాధలో ఆయన రామునికే లెక్క అప్పజెబుతూ కీర్తన పాడాడు. ఫలానా నగకు ఇంత, ఫలానా పనికి ఇంత అని, అచ్చం కచేరీ గుమాస్తాలా. చివరికి, దెబ్బలకు ఓర్వలేక నోరు జారానని ఆ దేవుణ్ణే క్షమాపణ అడిగాడు. మన కీర్తనకారుడైన దావీదు కూడా దేవునితో ఇంత చనువుగానే పోట్లాడాడు.

ఇక విడుదల కథ మీకు తెలిసిందే. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే బంట్ల వేషాల్లో అర్ధరాత్రి తానీషా ముందుకు వచ్చి, పైకం చెల్లించి, రసీదు తీసుకుని గోపన్న తలగడ కింద పెట్టారని ఆ కథ. చరిత్రకారుడు దీన్ని ఒప్పుకోడు. కానీ ఈ కథ అల్లిన పల్లె జనం ఎంత తెలివైనవారో చూడండి! దేవుడు తన భక్తుణ్ణి విడిపించాలంటే గోడలు కూల్చవచ్చు, రాజును గుడ్డివాణ్ణి చేయవచ్చు. అవేవీ చేయలేదు. బాకీ పైసాతో సహా కట్టాడు. రసీదు కూడా పుచ్చుకున్నాడు. రాజు సొమ్ము రాజుదేనని దేవుడే ఒప్పుకున్నట్టు! సీజరు బొమ్మ ఉన్న నాణెం గురించి ప్రభువు చెప్పిన మాట మీకు గుర్తుకు వస్తే అది నా తప్పు కాదు. తర్వాత తానీషా రామకల్యాణానికి ముత్యాలు పంపించే ఆచారం పెట్టాడనీ, నిజాములూ దానిని సాగించారనీ చెబుతారు. ఇప్పటి ప్రభుత్వాల ముత్యాల తలంబ్రాలు ఆ వరుసలోనివే.

అసలైన మతకక్ష గోల్కొండకు ఉత్తరం నుంచి వచ్చింది. 1679లో ఔరంగజేబు హిందువుల మీద జిజియా పన్నును తిరిగి విధించాడు. అధికారం బ్రాహ్మణ మంత్రుల చేతిలో పెట్టాడన్నది తానీషా మీద అతడు మోపిన నేరాల్లో ఒకటి. మొగలు సేనలు వచ్చి పడిన రోజుల్లోనే అక్కన్న మాదన్నలను గోల్కొండ వీధుల్లో నరికి చంపారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట పడింది, అదీ లోపలివాడు తలుపు తీస్తే. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. గోపన్నను చెరలో పెట్టినవాడు తానూ చెరలోనే కన్నుమూశాడు.

ఈ కథ విని మనం ఊరికే తల ఊపి పోవడానికి లేదు. రాజు ఖజానా, దేవుని హుండీ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో మన శ్రీసభ చరిత్ర కూడా చెబుతుంది. పోర్చుగల్లు రాజులు గుళ్లు కట్టించారు, మేత్రాణులను నియమించారు. ఆ రాజుల నీడలోనే 1560లో గోవాలో మతవిచారణ న్యాయస్థానం వెలసి అన్యులను, మనవారిని కూడా హింసించింది. విశ్వాసాన్ని బలవంతంగా రుద్దరాదనీ, ఆపరాదనీ రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న ప్రకటించేసరికి ఎన్ని తరాలు గడిచిపోయాయో!

మన రాజ్యాంగం 27వ అధికరణం ఏ ఒక్క మతాన్నీ పోషించడానికంటూ ఎవరిచేతా పన్ను కట్టించరాదంటుంది. హజ్ యాత్రకిచ్చే రాయితీని పదేళ్లలో ఎత్తివేయమని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది, 2018లో అది ఆగింది. మరి మన సంగతి? 2008లో మన పులివెందుల శాసనసభ్యుడే ముఖ్యమంత్రిగా ఉండగా, క్రైస్తవుల యెరూషలేము యాత్రకు ప్రభుత్వ సహాయం మొదలైంది. మనవారు సంతోషించారు. నేను మాత్రం, వేరుశనగ ఎండిపోయిన మన మండలపు రైతు, ఏ మతంవాడైనా సరే, కట్టిన పన్నులో నుంచి నా తీర్థయాత్ర ఖర్చు తీయడం సబబా అని అడుగుతాను. దీని మీద మీ ఇంట్లో వాదన జరిగితే మంచిదే.

వాదించేటప్పుడు ఒంటిమిట్టనే ఇంకొకసారి తలచుకోండి. శిథిలమైన ఆ గుడిని గత శతాబ్దంలో బాగుచేయించినవాడు వావిలికొలను సుబ్బారావు. 1863లో మన జిల్లాలో పుట్టాడు, 1936లో పోయాడు. గోపన్నలాగే ఆయనా రెవెన్యూ ఉద్యోగే, ప్రొద్దుటూరు తాలూకాలో పనిచేశాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడయ్యాడు. ఉద్యోగాలు వదిలాక ఒంటిమిట్ట రాముని కోసం టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా అడుక్కున్నాడు. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు లేదన్నారు. ఆ చిప్ప మీద ఒక శతకం కూడా రాశాడాయన.