ముఖానికి మాస్క్.. మారిన గొంతు.. 22 ఏళ్లకు బయటపడ్డ ఆ డాక్టర్ ఎవరు?

1972 మే 2. అమెరికాలోని డల్లాస్‌లో సైకియాట్రిస్టుల వార్షిక సదస్సు. ఓ వ్యక్తి స్టేజీ ఎక్కారు. ముఖానికి రబ్బరు మాస్క్, తలకి విగ్గు, ఒంటి మీద వదులు వదులుగా సూటు. గొంతు కూడా గుర్తుపట్టకుండా మైక్‌లో మార్పులు చేశారు. పేరు డాక్టర్ హెచ్. అనానిమస్.. అంటే అనామకుడు. తాను గే అని, సైకియాట్రిస్టు కూడా అని ఆయన చెప్పగానే హాల్లో ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయారు.

ఎందుకింత దాపరికం?

అప్పట్లో స్వలింగ ఆకర్షణను సైకియాట్రిస్టులు మానసిక రోగాల జాబితాలో పెట్టారు. నయం చేస్తామంటూ కొందరికి కరెంట్ షాకులు, వాంతులయ్యే మందులు ఇచ్చేవారు. మనసు బాగోలేదని వెళ్తే అసలు బాధ పక్కకి పోయేది.. మనిషి ప్రేమనే జబ్బు అనేవారు. గే అని తెలిస్తే డాక్టర్లకు కూడా ఉద్యోగం ఉండేది కాదు.

ఆయనకి అది అనుభవమే!

మాస్క్ వెనకున్నది జాన్ ఫ్రైయర్. 1937లో కెంటకీలోని వించెస్టర్‌లో పుట్టారు. సైకియాట్రీ ట్రైనింగ్‌లో ఉండగా గే అని తెలిసి బయటికి పంపేశారు. చివరికి మరో ఆస్పత్రిలో కోర్సు పూర్తి చేసి, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో చేరారు. సదస్సులో మాట్లాడేందుకు ఉద్యమకారిణి బార్బరా గిట్టింగ్స్ ఎంతోమంది గే డాక్టర్లని అడిగినా ఎవరూ ముందుకు రాలేదు. వేషం మార్చుకుని వస్తానని ఒప్పుకున్నది ఫ్రైయర్ ఒక్కరే.

ఇంకో విషయం ఏంటంటే.. గే అన్న కారణంతో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన ఓ ఆస్పత్రి అధికారి, ఆ రోజు ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్క్ వెనక ఎవరున్నారో ఆయన గుర్తుపట్టలేదు!

తర్వాత ఏమైంది?

1973 డిసెంబర్ 15న అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి తీసేసింది. 1974లో సభ్యుల ఓటింగ్‌లో 58 శాతం మంది దీన్నే సమర్థించారు. గిట్టింగ్స్, ఫ్రాంక్ కామెనీ లాంటి వాళ్ల ఏళ్ల పోరాటం, ఎవెలిన్ హుకర్ పరిశోధనలు దీని వెనక ఉన్నాయి. కానీ రోగులనుకున్న వాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారని ఆ సభలో నిలబడి చెప్పింది ఫ్రైయరే.

ఆ మాస్క్ మనిషి తానేనని ఆయన 1994లో సైకియాట్రిస్టుల ముందు బయటపెట్టారు. ఎయిడ్స్ పేషెంట్లని చాలామంది దూరం పెట్టిన రోజుల్లో వాళ్లకి అండగా నిలిచారు. 2003లో, 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఒకప్పుడు ముఖం చూపించలేకపోయిన ఆ సంస్థే.. ఇప్పుడు జాన్ ఫ్రైయర్ పేరుతో అవార్డు ఇస్తోంది.